ఆ ఒక్కడు రాకపోతే?

గుణశేఖర్ ‘ఒక్కడు’ (2003) గురించి మాట్లాడితే అందరం కొండారెడ్డి బురుజు దగ్గరే ఆగిపోతాం. ఓబుల్ రెడ్డిని కొట్టి అజయ్ స్వప్నని తీసుకుపోయే ఆ సీను టీవీలో వస్తుంటే ఇప్పటికీ ఛానెల్ మార్చలేం. ఈ మధ్య మళ్ళీ చూసినప్పుడు మాత్రం నాకో ప్రశ్న తగులుకుంది. అన్నల్ని చంపినవాడే పెళ్ళి చేసుకుంటానని వెంటపడుతుంటే, ఆ అమ్మాయికి పోలీసు స్టేషన్ ఒక దారిలా ఎందుకు కనిపించదు?

సీమ సినిమాల్లో ప్రభుత్వం ఉండదంటారు. ‘ఒక్కడు’లో బోలెడంత ఉంది. ఓబుల్ రెడ్డి అన్న హోం మంత్రి. హీరో తండ్రి హైదరాబాద్ పోలీస్ కమిషనర్. అమ్మాయిని వెతకమని పైనుంచి చెప్తే వెతకడం ఆయన డ్యూటీ. హీరో ఆమెని దాచేది ఆ కమిషనర్ ఇంట్లోనే. దీన్ని మనం కామెడీగా, సస్పెన్స్‌గా ఎంజాయ్ చేశాం. కాస్త ఆగి చూస్తే భయమేస్తుంది. ఆ ఇంట్లో ఆమెకి రక్షణ ఉండేది కమిషనర్‌కి తెలియనంత సేపే!

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం ఇలాంటిదాన్ని ‘సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్’ అంటాం. ఆ ఒక్కటి ఆగితే మొత్తం ఆగిపోతుంది. అజయ్ కబడ్డీ ఆడటానికి కర్నూలు రాకపోయుంటే స్వప్న సంగతి అంతే. సినిమా పేరులోనే ఉంది ఆ విషయం.

అదే 2003లో హైబ్రిడ్ పత్తి విత్తన పొలాల్లో పిల్లల పని మీద దావులూరి వెంకటేశ్వర్లు నివేదిక వచ్చింది. కర్నూలు జిల్లా అందులో ఉంది. సాయంత్రం మొగ్గల్లోంచి మగభాగం తీసేయాలి, పొద్దున్నే పుప్పొడి అద్దాలి. ఈ క్రాసింగ్ పనికి ఎక్కువగా ఆడపిల్లలే. తల్లిదండ్రులు ముందే అడ్వాన్సు తీసుకునేవాళ్ళు. ఆ పిల్లలకి కావలసింది పదిమందిని కొట్టే హీరో కాదు. హాస్టలున్న ఒక బడి, అడ్వాన్సుని ప్రశ్నించే ఒక అధికారి. వీటితో క్లైమాక్స్ ఎలా తీస్తారో నాకూ తెలీదు.

కానీ కథ మాత్రం ఉంది. కర్నూలు జిల్లాలోనే ఒక అమ్మాయి, ఇంట్లో పెళ్ళి చేసేస్తామంటుంటే, గడపగడపకూ తిరుగుతూ వచ్చిన ఎమ్మెల్యేతో చదువుకుంటానని చెప్పుకుంది. విషయం కలెక్టర్ దాకా వెళ్ళి, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో సీటొచ్చింది. 2024లో ఇంటర్ ఫస్టియర్ మార్కులతో వార్తల్లోకెక్కింది. సంతోషమే. అయితే ఆ వార్తని కూడా మనం ‘ఒక్కడు’ లాగే చదివాం. ఎమ్మెల్యేని, కలెక్టర్‌ని, ఆ పిల్ల ధైర్యాన్ని మెచ్చుకుని పేజీ తిప్పేశాం.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్ళయిపోయింది. అంతమంది గడపల దగ్గరికీ సరిగ్గా ఆ రోజే ఎమ్మెల్యే రాడు. అలాంటి ఇంకో అమ్మాయి 1098కి ఫోన్ చేస్తే ఎవరెత్తుతారు, ఎంతసేపట్లో వస్తారు, మర్నాడు ఆమె ఎక్కడ పడుకుంటుంది? సీమ గురించి ఇన్ని సినిమాలు తీసిన మనం ఈ కథ ఇంకా మొదలుపెట్టలేదు.