గ్రంథము – అనుభవము: నవీన పేగన్ సంప్రదాయమున అభ్యాసవిధానము

క్రైస్తవమునకు పూర్వము ఐరోపాఖండమున వర్ధిల్లిన దేవతారాధనమును పునరుద్ధరింపబూనిన నవీన మతములకు పేగన్ మతములని పేరు. వానిలో 'విక్కా' ప్రసిద్ధము. దీని నభ్యసించుటకు గ్రంథము ప్రధానమా, స్వానుభవము ప్రధానమా అను వివాద మా మత సాహిత్యమున తరచుగ కానవచ్చును. ఒక్కొక్కదాని అధికార మెంతవరకో నిర్ణయించుకొనక వాదించుటయే ఈ వివాదమునందలి లోపము.

ఇంగ్లండున 1735 నాటి మంత్రవిద్యా శాసనము 1951లో రద్దయినది. 1954లో జెరాల్డ్ గార్డ్‌నర్ 'విచ్‌క్రాఫ్ట్ టుడే' అను గ్రంథమును ప్రకటించి, ఈ మతము ప్రాచీనకాలమునుండి రహస్యముగ నిలిచియున్నదని చెప్పెను. మార్గరెట్ మర్రే 1921లో ప్రతిపాదించిన సిద్ధాంత మాయనకు అండయైనది. ఆ గ్రంథమునకు పీఠిక వ్రాసినదియు నామెయే. తరువాతి చరిత్రకారు లా సిద్ధాంతమును నిరాకరించిరి. ఈ మతము ఇరువదవ శతాబ్దమున రూపొందిన విధమును రొనాల్డ్ హటన్ 1999లో 'ది ట్రయంఫ్ ఆఫ్ ది మూన్' అను గ్రంథమున సప్రమాణముగ వివరించెను. పూజావేళ భక్తుడెంతటి తన్మయత్వము నొందినను, ఆ పూజ ప్రాచీనమనుటకు అది సాక్ష్యము కానేరదు. ఇచట అనుభవమునకు అధికారము లేదు, గ్రంథమునకే కలదు.

గార్డ్‌నర్ సంప్రదాయమున దీక్షితుడు 'బుక్ ఆఫ్ షాడోస్' అను విధిగ్రంథమును స్వహస్తముతో ప్రతి వ్రాసికొనుట ఆచారము. 1953లో దీక్షగొనిన డొరీన్ వాలియెంటే అందు అలీస్టర్ క్రౌలీ రచనల నుండి గ్రహించిన భాగములను గుర్తించి, పెక్కింటిని మార్చి, నూతనముగ రచించెను. గ్రంథపరిచయము చేతనే ఆమె ఎరువు సొమ్మును ఆనవాలు పట్టగలిగినది.

గురువు లభింపని ఏకాంతసాధకులకై స్కాట్ కన్నింగ్‌హామ్ 1988లో ఒక మార్గదర్శక గ్రంథమును ప్రకటించెను. పుస్తకమే గురువైన ఆ మార్గమున సైతము సాధకుడు తన విధులను తానే కూర్చుకొనుటకు ప్రోత్సాహము కలదు.

ఆస్ట్రేలియా ఉదాహరణము మరింత బోధకము. ఉత్తరార్ధగోళమున వ్రాయబడిన గ్రంథములు శీతకాలపు పండుగను డిసెంబరున విధించినవి. ఆస్ట్రేలియాలో డిసెంబరు నడివేసవి. గ్రంథము నక్షరశః పాటించినచో మండుటెండలో మంచుకాలపు పండుగ చేయవలసివచ్చును. కావున అచటి సాధకులలో పెక్కురు పండుగలను ఆరు నెలలు జరిపికొనిరి. ఇచట తీర్పు అనుభవముది. అయినను ఆ పండుగ ఆయనసంధికి సంబంధించినదని గ్రంథము చెప్పకున్నచో దేనిని జరుపవలెనో వారికి తెలియకుండెడిది.

అందువలన ఆచారముయొక్క పుట్టుపూర్వోత్తరములకు గ్రంథము ప్రమాణము. ఆచరణయోగ్యతకు అనుభవము ప్రమాణము. ఒకదాని స్థానమున వేరొకదానిని నిలిపినచో కల్పితచరిత్రమో, నిర్జీవమైన తంతో మిగులును. ఇతరభాషా ప్రాంతములందు తరతరములుగ స్థిరపడి, పెద్దలవలన వినినదానిని, పుస్తకములలో చదివినదానిని పొందుపరచుకొని తమ ఆచారములను కాపాడుకొనుచున్న తెలుగు కుటుంబములకు ఈ వివేచనము పరాయిది కాదు.