ఉద్యోగం మానేది తెల్లవారుజాము కోసమే

గాయకులు పి.బి.శ్రీనివాస్ గారిని ప్రభుత్వోద్యోగిగా చూడాలని వాళ్ల నాన్నగారికి ఉండేది. కాకినాడ కుటుంబం. కొడుకు బీకాం చదివాడు, పైగా హిందీ విశారద. జాతకం చూపిస్తే సంగీతంలో రాణించే యోగం లేదని జ్యోతిష్కుడు తేల్చేశాడంటారు. అయినా కొడుకు పట్టు వదల్లేదు. ఆ ఇంటికి ఆప్తులైన వైణికులు ఈమని శంకరశాస్త్రి గారు అప్పట్లో మద్రాసు జెమినీ స్టూడియోలో ఉన్నారు. ఆయనే వెంటబెట్టుకుని స్టూడియోకి తీసుకెళ్లారు. 1952లో వచ్చిన ‘మిస్టర్ సంపత్’ అనే హిందీ సినిమాలో ఆ గొంతు మొదటిసారి వినిపించింది. తర్వాత కన్నడ నటుడు రాజ్‌కుమార్‌కు అదే గొంతయింది.

ధైర్యం చేసినవాడు గెలిచాడనడానికి ఇలాంటి కథలు చెప్పుకుంటాం. నాకు మాత్రం ఇందులో శంకరశాస్త్రి గారే ముందు కనిపిస్తారు. సినిమా అవకాశాల కోసం మద్రాసు కోడంబాక్కం రైలెక్కినవాళ్లలో అలాంటి పెద్ద దిక్కు లేక తిరిగి ఊరి దారి పట్టినవాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. ఆ శంకరశాస్త్రి గారు కూడా తర్వాత జెమినీ వదిలి ఆకాశవాణిలో చేరారు. ఆ తరం విద్వాంసులకు నెల జీతం, సంగీతం ఒకే చోట దొరికిన నీడ రేడియోనే. ఓలేటి వెంకటేశ్వర్లు గారు విజయవాడ కేంద్రంలోనే ఉండిపోయి అంత గొప్పగా పాడారు. బాలమురళీకృష్ణ గారు అక్కడే రేడియోలో పనిచేసి, ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్‌గా ఉండి, చివరికి ఉద్యోగాలు వదిలి మద్రాసులో స్థిరపడ్డారు. ఆయన వదిలింది సంగీతంలోని ఉద్యోగాన్నే.

నేనూ ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో పనిచేసి మానేసినదాన్నే. మద్రాసు మైలాపూర్‌లో పిల్లలకు సంగీత పాఠం చెబుతాను, పిలిచిన చోట పాడతాను. అందుకని ఈ ప్రశ్న తరచూ నా గుమ్మంలోకి వస్తుంది. మొన్న నెల్లూరు నుంచి ఒక పెద్దాయన కొడుకుని వెంటబెట్టుకుని వచ్చారు. అబ్బాయి ఇక్కడే ఓఎంఆర్ రోడ్డు మీద ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తున్నాడు. చక్కటి శారీరం, శ్రుతి నిలుస్తుంది.

“రాజీనామా ఇచ్చేస్తానంటున్నాడమ్మా. మీరూ బ్యాంకు మానేసినవారే కదా, మీ మాటైతే వింటాడు. కాస్త చెప్పండి” అన్నారాయన. మానొద్దని చెప్పమంటున్నారో, మానితే ఎలా బతకాలో చెప్పమంటున్నారో ఆయనకే తెలియనట్టుంది.

“పొద్దున పాడుతున్నావా బాబూ?” అని అడిగాను.

“రాత్రిళ్లు అమెరికా కాల్స్ ఉంటాయండీ. లేచేసరికి ఎనిమిదవుతుంది. ఆదివారాలు పాడతాను.”

నాకు కావలసిన జవాబు అదే. ఉద్యోగం సంగీతానికి చేసే నష్టమేమిటో బ్యాంకు కౌంటర్లో కూర్చున్న నాకు బాగా తెలుసు. పగలంతా ఖాతాదారులతో మాట్లాడిన గొంతు సాయంత్రానికి బరువెక్కుతుంది. లోకల్ రైల్లో నిలబడి ఇంటికొచ్చాక వంట, పిల్లల చదువు. ఆ తర్వాత పాడదామంటే అపార్ట్‌మెంట్‌లో తారస్థాయి అందుకోవడానికి మొహమాటం. ఇక మిగిలింది తెల్లవారుజాము. దాన్ని కూడా ఆఫీసు గడియారమే పాలిస్తుంది. ఎనిమిదింటికి బయల్దేరాలన్న ధ్యాస మనసులో ఉంటే ఆరింటికి తంబుర ముందు కూర్చున్నా గొంతు తొందరపడుతుంది.

సాధన అంటే ఏమిటో తెలియనివాళ్లకు ఒక్క సంగతి చెబుతాను. భైరవి రాగం తీసుకోండి. ‘పదనిస’ అని పైకి వెళ్లేటప్పుడు చతుశ్రుతి ధైవతం పలుకుతుంది. ‘నిదప’ అని దిగేటప్పుడు శుద్ధ ధైవతం. ఒకే రాగంలో ఒకే స్వరానికి రెండు స్థానాలు. పుస్తకంలో చదివితే రెండు నిమిషాల పాఠం. గొంతులోకి ఎక్కడం వేరే లెక్క. నిషాదం మీద కాస్త నిలిచి, కంపితం వదలకుండా ధైవతంలోకి జారి, పంచమం మీద వాలాలి. కాస్త పైన పడితే రాగం ముఖం మారిపోతుంది, మరీ కిందికి దిగితే ఏడుపులా వినిపిస్తుంది. పచ్చిమిరియం ఆదియప్పయ్య గారి భైరవి అటతాళ వర్ణం ఇందుకే పెద్ద బడి. పద్నాలుగు అక్షరాల ఆవర్తం, అంత నిడివిలో ప్రయోగాలు పరచుకుని ఉంటాయి. విళంబంలో పాడి, అదే తాళానికి రెండో కాలం పాడితే ఎక్కడెక్కడ దొంగతనం చేశామో బయటపడుతుంది. బ్యాంకు మానిన కొత్తలో ఆ ‘నిదప’ ఒక్కదాని మీదే వారాల తరబడి పొద్దుటి పూటలు గడిపాను. చూసేవాళ్లకు పనీపాటా లేనట్టుంటుంది. నాకు మాత్రం జీతం వదులుకున్నది దేనికో ఆ వారాల్లోనే అర్థమైంది. తొందర లేని ఉదయాల కోసం వదిలాను.

అలా వదలగలగడానికి మా ఆయన జీతం ఉంది. ఇది దాచి ధైర్యం గురించి ఉపన్యాసం ఇవ్వడం తప్పు. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు ఆ జీతంలోంచే వెళ్లాయి. అలాంటి ఆసరా లేక కుర్చీలోనే కూర్చున్న పాటగాళ్లను పిరికివాళ్లంటే నేను ఒప్పుకోను.

అసలు మానకుండానే సంగీతానికి ఎంత చేయవచ్చో డాక్టర్ శ్రీపాద పినాకపాణి గారు చూపించారు. వైద్య కళాశాలల్లో ప్రొఫెసర్‌గా పాఠాలు చెప్పిన వైద్యులు ఆయన. రోగుల్ని చూస్తూనే నేదునూరి కృష్ణమూర్తి, నూకల చినసత్యనారాయణ వంటివారిని తీర్చిదిద్దారు. ‘సంగీత సౌరభం’ సంపుటాల్లో కృతుల్ని గమకాలతో సహా స్వరలిపిలో రాసిపెట్టారు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1983లో ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది, మరుసటి ఏడాది పద్మభూషణ్ వచ్చింది. 2013లో, తొంభై తొమ్మిదేళ్ల వయసులో కర్నూలులో కన్నుమూశారు. తెలుగునాట కర్ణాటక సంగీతం పాడే తీరు మార్చిన మనిషి వృత్తిరీత్యా డాక్టరు.

ఇటు మద్రాసులో సంజయ్ సుబ్రహ్మణ్యన్ చార్టర్డ్ అకౌంటెన్సీ చదివి పాటకే అంకితమయ్యారు. ఉన్నికృష్ణన్ ప్యారీస్ మిఠాయిల కంపెనీలో ఉద్యోగం చేసి వచ్చినవారు. మన ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం గారు ఇంజనీరింగ్ చదవడానికి ఈ ఊరొచ్చి, 1966లో కోదండపాణి గారి సంగీతంలో మొదటి పాట పాడారు. అందరి దారీ ఒకటి కాదు.

నెల్లూరు అబ్బాయికి నేను చెప్పింది ఇంతే. రాజీనామా పక్కన పెట్టు. ముందు పగటి షిఫ్టు అడుగు, జీతం కాస్త తగ్గినా సరే. ఆరు నెలలు రోజూ తెల్లవారుజామున పాడు. ఆ సమయం చాలక గొంతు ఇంకా అడిగితే, అప్పుడు నాన్నగారితో కలిసి లెక్కలు వేసుకుందాం. పెద్దాయన ముఖం తేటపడింది. అబ్బాయికి నచ్చినట్టు లేదు. నచ్చకపోయినా మళ్లీ వస్తాడని నా నమ్మకం, గొంతు అలాంటిది.

ఆ లెక్కల దగ్గరే నా అసలు బాధ. ఈ ఊళ్లో డిసెంబరు సంగీత సీజన్‌లో కుర్రవాళ్లకు దొరికేది మధ్యాహ్నం కచేరీ. టికెట్టు ఉండదు, శ్రోతలు పలచగా ఉంటారు, సంభావన ఆటోఖర్చులకు సరిపోతే గొప్ప. రేడియోలో గ్రేడు వచ్చినా కార్యక్రమాలు ఎప్పుడో గానీ రావు. కాబట్టి ఇల్లు గడిచేది పాఠాలతోనే, ఫీజు బాగా వచ్చేది అమెరికా పాఠాలతోనే. డాలస్‌లో పిల్లలు బడి నుంచి వచ్చి, భోజనం చేసి, సాయంత్రం ఏడింటికి కూర్చుంటే వేసవిలో మనకు తెల్లవారుజాము ఐదున్నర. ఉదయాల కోసం ఉద్యోగం మానేసిన పిల్లలు ఆ ఉదయాల్నే గంటల లెక్కన అమ్ముకుంటున్నారు. నాకు తెలిసిన ఒక అమ్మాయి ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు సరళీస్వరాలు చెప్పి, అలసిన గొంతుతో తన సాధన మొదలుపెడుతుంది. ఆమె ఏ ఆఫీసూ మాననట్టే.

ఆ దేశంలో ఉన్న తెలుగు తల్లిదండ్రులకు నా విన్నపం ఒకటుంది. పాఠాలు మానిపించకండి, వాటి వల్లే ఇక్కడ చాలా ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది. వేళ మాత్రం మార్చండి. మీ శనివారం, ఆదివారం ఉదయం తొమ్మిదింటికి, తూర్పు, మధ్య ప్రాంతాలవారి లెక్కన, వేసవిలో మాకు సాయంత్రం ఆరున్నర, ఏడున్నర అవుతుంది. ఆ వేళకు మీ పిల్లల్ని నిద్రలేపి కూర్చోబెట్టండి. మిగతా రోజుల్లో మీ పిల్లల గురువుని తెల్లవారుజామున పాడుకోనివ్వండి.