నిప్పు వరస తెలిసిన చేయి

ఆమదాలవలసలో రైలు దిగేవారికి స్టేషన్ బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అన్న పేరు కనిపిస్తుంది. ఇక్కడి నుంచి తూర్పుగా వెళ్తే బంగారం వ్యాపారానికి పేరుపడిన నరసన్నపేట వస్తుంది. అక్కడి నుంచి ఉత్తరంగా వెళ్తే సారవకోట మండలంలో బుడితి ఉంది. అక్కడి ఇత్తడి, కంచు పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఈ చుట్టుపక్కల పెళ్లి కుదిరితే పుస్తెలకూ మట్టెలకూ తెలిసిన కంసాలికి కబురు పెట్టడమే మొన్నమొన్నటి దాకా ఆనవాయితీ. ఇప్పుడు అద్దాల బీరువాలో సిద్ధంగా ఉన్న నగను ఎంచుకుంటున్నాం. దాన్ని గీసినవారు డిజైనర్ అయ్యారు, చేసినవారు పనివారిగా మిగిలారు. కుంపటి ముందు నేర్చిన విద్యలో ఈ విభజన లేదు. లోహం చేతికి వశమయ్యాకే కొత్త నమూనా ఊహించే అర్హత వచ్చేది.

నేర్చుకునే కుర్రాడికి మొదట దక్కేది ఊదుగొట్టం. చెంపల్లో గాలి నిలుపుకుని, ముక్కుతో ఊపిరి తీసుకుంటూ, మంట తెగకుండా ఊదాలి. అది పట్టుబడేలోపు వాడికి తెలియకుండానే కళ్లకు ఇంకో చదువు అబ్బుతుంది. మేలిమి బంగారం 1064 డిగ్రీల సెంటీగ్రేడ్ వద్ద కరుగుతుంది. రాగి, వెండి కలిసిన 22 క్యారెట్ల బంగారం అంతకన్నా ముందే జారిపోతుంది. కుంపటి దగ్గర ఉష్ణమాపకం ఉండదు కాబట్టి ఎరుపులోని తేడాలే ఆధారం. సుత్తి దెబ్బలకు బంగారం బిరుసెక్కుతుంది. అలాగే కొడుతూ పోతే అంచులు పగులుతాయి. మసక ఎరుపు వచ్చేదాకా కాలిస్తే మళ్లీ మెత్తబడుతుంది.

ఆ తర్వాతి మెట్టు కమ్మచ్చు. వరసగా చిన్నవవుతూ పోయే రంధ్రాలున్న ఉక్కు పలక అది. కడ్డీ మొన సన్నం చేసి, రంధ్రంలో దూర్చి, పట్టకారుతో లాగాలి. కొన్ని రంధ్రాలు దాటాక తీగను మళ్లీ కాల్చాలి. గ్రాము బంగారం రెండు కిలోమీటర్లకు పైగా తీగ సాగగలదు. నగకు అంత సన్నం అక్కర్లేదు కానీ, ఎక్కడ ఆగాలో తెలియాలి.

అసలు విద్య అతుకులో ఉంది. నా దృష్టిలో నగ రూపకల్పన మొదలయ్యేది అక్కడే. చెవికి పెట్టుకునే ఒక పువ్వు కమ్మనే తీసుకుందాం. అడుగున రేకు, దాని మీద తీగతో వంచిన రేకలు, రేకల నడుమ చిన్న గుండ్లు, వెనక కాడ. వీటిని కలిపే టంకంలో బంగారం పాలు కాస్త తక్కువ కనుక నగ కన్నా ముందు అది కరుగుతుంది. అతికే చోట వెలిగారం పూస్తారు. అది గాజులా కరిగి, గాలి తగలకుండా కాచి, లోహపు మసిని తనలో కలుపుకుంటుంది. అప్పుడే టంకం సందుల్లోకి పారుతుంది. కానీ రెండో అతుకు వేసేటప్పుడు నగ మళ్లీ నిప్పులోకి వెళ్లాలి. అదే వేడికి మొదటి అతుకు విడిపోకూడదు. అందుకని మొదట గట్టి టంకం, తర్వాత దానికన్నా త్వరగా కరిగేది, చివరికి ఇంకా మెత్తనిది వాడతారు. అంటే నమూనా ఊహించిన మనిషి దాన్ని మనసులోనే విడదీసి, ఏ ముక్క ఏ నిప్పుకు చేరాలో వరస వేసుకోవాలి. ఆ వరస కుదరని బొమ్మ కాగితం మీద ఎంత అందంగా ఉన్నా నగ కాలేదు.

గుండ్ల తయారీ చూడముచ్చటగా ఉంటుంది. తీగను సన్నని తునకలుగా కత్తిరించి బొగ్గు మీద పెట్టి కాలిస్తే, కరిగిన ప్రతి తునకా తనంతట తానే గుండ్రంగా ముడుచుకుంటుంది. అతుకులన్నీ పూర్తయ్యాక నగను చింతపండు పులుసులో ఉడికించి మసి వదలగొడతారు. కుంకుడు నురుగుతో తోముతారు. రాళ్లు పొదగడం ఆఖరున. నిప్పుకు తాళలేని రాయి చుట్టూ మేలిమి రేకును ఒత్తి, వేడి లేకుండానే అతుక్కునేలా చేసే కుందనం పనిలో ఈ విద్య పరాకాష్ఠకు చేరింది.

ఇంత తెలిసిన చేతులను మన చట్టాలు ఒకప్పుడు కట్టేశాయి. 1963 జనవరిలో వచ్చిన బంగారం నియంత్రణ నిబంధనలు 14 క్యారెట్లకు మించిన కొత్త నగలను నిషేధించాయి. ఆ మిశ్రమం 22 క్యారెట్ల బంగారంలా సుత్తికి లొంగేది కాదు, కొనేవారూ కరవయ్యారు. దేశమంతటా స్వర్ణకారులు పని కోల్పోయారు, ఆత్మహత్యలూ జరిగాయి. ఆ నియంత్రణను కొనసాగించిన 1968 నాటి చట్టాన్ని 1990లో ఎత్తేశారు. ఆ మధ్యకాలంలో పక్కకు తప్పుకున్న కుటుంబాలతోపాటు ఎన్ని నమూనాలు పోయాయో లెక్కించే వీలే లేదు. తర్వాత కేడీఎం వచ్చింది. కాడ్మియం కలిపిన టంకంతో నగ స్వచ్ఛత తగ్గేది కాదు గానీ, ఆ పొగ అతికే మనిషి ఊపిరితిత్తుల్లోకి పోయేది. 2021 నుంచి దశలవారీగా హాల్‌మార్క్ తప్పనిసరి అయింది. కొనేవారికి అది అవసరమే. 22 క్యారెట్ల నగ మీద 916 అంకె, ఆరక్షరాల సంకేతం చూసి తీసుకోవాలి. అయితే ఆ ముద్ర బంగారం పాలు మాత్రమే చెబుతుంది, పనితనం గురించి ఏమీ చెప్పదు.

పనితనం తేడా వాడుకలో బయటపడుతుంది. మైనపు అచ్చుతో పోత పోసిన నగలో కంటికి కనిపించని గాలి రంధ్రాలు మిగిలే ప్రమాదం ఉంది. కొట్టి, లాగి చేసిన లోహం బిగువుగా ఉంటుంది. అదే బలం పల్చటి రేకుతోనే వస్తుంది. పోతలో నగలన్నీ ఒకేలా, త్వరగా వస్తాయి, మజూరీ తక్కువ, అది నిజం. చేతిపని నగ పాడైనా ఏ అతుకు ఎలా విప్పాలో చేసినవారికి తెలుసు. అమ్మమ్మ నానుతాడు మనవరాలి గాజులైనప్పుడు ఆ తెలివే అక్కరకొస్తుంది.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో స్వర్ణకారులూ ఉన్నారు. శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల సాయం ఇస్తారు. మంచిదే. కానీ సుత్తి పట్టే చేతికి పెన్సిలూ పట్టించాలి. తమ మనసులోని వరసను బొమ్మగా గీసి కొనేవారి ముందు పెట్టగలిగితే బేరం తీరే మారుతుంది. బంగారం ధర ఈ స్థాయికి చేరాక కొత్త ప్రయోగాలు బంగారం మీద చేయడం కష్టం. వెండి మీద, రాగి మీద, బుడితి వాళ్లకు బాగా తెలిసిన ఇత్తడి మీద చేయవచ్చు. నరసన్నపేట స్వర్ణకారుల అతుకు నేర్పు, బుడితి పోత నేర్పు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఎలాంటి కంటెలు, కడియాలు వస్తాయో చూడాలని నాకు ఎంతో ఆశగా ఉంది. ఆ బల్ల వేయడానికి ఆమదాలవలస అనువైన చోటు. రైలుంది, రెండు ఊళ్లకూ దారి ఉంది.