ఎనిమిదో వంతులో ఆమె

పల్నాటిలో అక్క కూతుర్ని చేసుకోవడం వింతేమీ కాదు. ఉయ్యాల్లో పిల్లను చూసి ‘మామకే ఇస్తాం’ అనుకున్న ఇళ్ళు గురజాల, మాచర్ల వైపు ఎన్నో. అందుకే జన్యుశాస్త్రవేత్త ద్రోణంరాజు కృష్ణారావు (1937–2020) పరిశోధనను నేను దూరంగా నిలబడి చదవలేను.

పిఠాపురంలో పుట్టి, 1957లో కలకత్తాలో హాల్డేన్ దగ్గర చేరిన ఆయన, ఏ సీతాకోకచిలుక ఏ రంగు లంటానా పూల మీద వాలుతుందో గమనించారు. ఆ ఎంపిక కొత్త జాతులు ఏర్పడటానికి ఒక కారణం కావచ్చని 1960లో రాశారు. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాలనూ, వాటి ఫలితాలనూ అధ్యయనం చేశారు.

బావామరదళ్ళ బిడ్డకు అంతఃప్రజనన గుణకం 1/16. మేనమామ, మేనకోడళ్ళ బిడ్డకు 1/8. ఈ అంకె రక్తసంబంధాన్ని కొలుస్తుంది, పిల్ల ఇష్టాన్ని కొలవదు. సీతాకోకచిలుక ఎంపికకు శాస్త్రంలో చోటుంది. మేనకోడలి ఎంపికకు ఏ గుణకంలోనూ చోటు లేదు. అది ఈ కొలత పరిమితి.

అయినా ఆ అంకెను నేను వదులుకోను. బిడ్డ లోపంతో పుడితే ‘దాని కడుపు మంచిది కాదు’ అనే అత్తగారికి అదే జవాబు. ఆ బిడ్డకు తల్లిదండ్రులిద్దరూ సమానంగా ఇచ్చారు. ఆ సంబంధం కుదిర్చింది మాత్రం పెద్దలు.