గజ్జె లొంగితేనే పేరిణి

పేరిణి శిక్షణ అరమండితో మొదలవుతుంది. మోకాళ్లు రెండు పక్కలకూ విచ్చుకోవాలి, వెన్ను నిటారుగా ఉండాలి, భుజాలు కదలకూడదు. ఆ భంగిమలో నిలబడి తట్టు అడుగు మొదటి కాలంలో వేయాలి, ఆ తర్వాత రెండో కాలంలో, చివరకు మూడో కాలంలో. కాలం పెరిగినా పాదం నేలను తాకే బరువు తగ్గకూడదు. పిక్కలు గట్టిపడి, ఊపిరి అదుపులోకి వచ్చేదాకా మంచి గురువు గజ్జె కట్టనివ్వడు. చూసేవాళ్లకు పేరిణిలో కనిపించేది వీరావేశం. ఆ ఆవేశం కింద ఉన్నదంతా లెక్క. లెక్క తప్పిన ఆవేశాన్ని ఎంత మెచ్చుకున్నా అది పేరిణి కాదు.

ఈ నృత్యానికి శాస్త్రం రాసినవాడు జాయప సేనాని. కాకతీయ గణపతిదేవుడి గజసాహిణి, ఆయనకు బావమరిది. గుండామాత్యుడి దగ్గర నాట్యం నేర్చి, 1253-54 ప్రాంతంలో నృత్తరత్నావళి పూర్తి చేశాడు. ఎనిమిది అధ్యాయాల ఆ గ్రంథంలో మొదటి నాలుగూ శాస్త్రీయమైన మార్గ పద్ధతికి, తక్కిన నాలుగూ ప్రాంతీయమైన దేశి పద్ధతికి. పేరిణి ఉన్నది దేశి భాగంలో. ఏనుగుల దళాన్ని నడిపిన చేయి పాదం కదలికను అంత సూక్ష్మంగా రాయడం తెలుగు నేల చేసుకున్న అదృష్టం. వీరులు యుద్ధానికి పోయే ముందు శివుడి ఎదుట పేరిణి ఆడేవారని జనం చెప్పుకుంటారు. శాస్త్రంలో కనిపించే నర్తకుడు ఒళ్లంతా తెల్లని పూత పూసుకుని, తల గొరిగించుకుని, పిలక ఉంచుకుని, పిక్కలకు గజ్జెలు కట్టుకుని రంగం మీదికి వస్తాడు.

శాస్త్రం పేరిణికి ఐదు అంగాలు చెప్పింది: ఘర్ఘరం, విషమం, భావాశ్రయం, కవివారం, గీతం. విషమమంటే ఎగిరి దూకి చేసే ఉత్ప్లుతి కరణాలు. భావాశ్రయం వికటమైన అనుకరణతో నవ్వు పుట్టిస్తుంది. కవివారంలో నాయకుడి కీర్తి, గీతంలో పాటకు ఆట. అన్నిటికీ ప్రాణం మాత్రం ఘర్ఘరమే, అంటే గజ్జెను పలికించే విద్య. మడమతో ఒక రకం ధ్వని, మునివేళ్లతో మరొకటి, పాదమంతా నేలకు ఆనిస్తే ఇంకొకటి పలుకుతుంది. కాలు ఎత్తకుండానే పిక్కను వణికించి సన్నని చిరుజల్లులాంటి రవళి తీయవచ్చు. ఒక కాలి గజ్జె మోగుతుండగా రెండో కాలి గజ్జె నోరు మెదపకుండా ఉండాలి. అన్నిటికన్నా కష్టం, గజ్జెలతో నడిచి వెళ్లినా శబ్దం రాకుండా చూడటం. ఆ నిశ్శబ్దం చేతనైన నర్తకుడు మృదంగం ఆగిన చోట ఒక్క గజ్జె పలికిస్తే రంగమంతా నిమిషంపాటు ఊపిరి బిగబడుతుంది. గంతులు కుర్రతనం ఉన్న ఎవరైనా వేయగలరు. ఘర్ఘరం మాత్రం ఏళ్లు పెట్టి సాధించుకునే సొత్తు.

మధ్యలో తెగిపోయిన ఈ విద్యను మళ్లీ నిలబెట్టిన ఘనత నటరాజ రామకృష్ణదే. బాలిలో పుట్టి తెలుగు నాట్యానికి జీవితం ధారపోసిన మహానుభావుడు. అడుగు చూపించే పేరిణి గురువు ఒక్కరూ మిగలని రోజుల్లో ఆయన ఒక చేత జాయపను పట్టుకుని, మరో చేత రామప్ప గుడి శిల్పాలను పట్టుకుని భంగిమకు భంగిమ కూర్చాడు. 1985 శివరాత్రికి రామప్ప గుడిలోనే పేరిణి ఆడించాడు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడిలో రాతిలో నిలిచిన భంగిమలు మళ్లీ ఒంటి మీదికి రావడం సామాన్యమైన పని కాదు. ఆయనకు 1992లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన చేసిన పనికి అది చాలా తక్కువ. శిష్యుడు కళాకృష్ణ సత్యభామ వేషంలో ఎంత సుకుమారమో పేరిణిలో అంత ఉగ్రం. ఒకే దేహం ఆ రెండు కొసలనూ అందుకోవడం శిక్షణ ఎంత గట్టిదో చెబుతుంది. స్త్రీల కోసం పేరిణి లాస్యాన్ని కూడా రామకృష్ణే తీర్చిదిద్దాడు. ఇప్పుడు అమ్మాయిలు తాండవమూ ఆడుతున్నారు, గట్టిగా ఆడుతున్నారు.

పేరిణి అంటే ఓరుగల్లుదే అనుకోవడం ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాలకు చేసే అన్యాయం. సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో 1202లో నామిరెడ్డి కట్టించిన నామేశ్వరాలయం, 1208లో ఎరకసానమ్మ కట్టించిన ఎరకేశ్వరాలయం ఉన్నాయి. వాళ్లూ రేచర్ల వంశం వాళ్లే. అక్కడి స్తంభాల మీద, పానగల్లు పచ్చల సోమేశ్వరాలయం రాళ్ల మీద నర్తకులున్నారు, వాద్యకారులున్నారు. పాలమూరు దిక్కున ఆలంపురం నవబ్రహ్మ ఆలయాల్లో చాళుక్యుల కాలపు నటరాజ మూర్తులు కాకతీయులకన్నా నాలుగైదు వందల ఏళ్లు ముందువి. ఈ జిల్లాల విద్యార్థికి పాఠ్యపుస్తకం ఊరి పక్కనే ఉంది. పిల్లలమర్రి స్తంభం ముందు నిలబడి మోకాలి వంపు కొలుచుకున్నవాడికి అద్దం అక్కర్లేదు.

బృందంలోకి దారులు చాలానే ఉన్నాయి. కొందరు కూచిపూడి నేర్చి వస్తారు. వాళ్లకు తాళం వచ్చు, కానీ ఒంట్లో లాలిత్యం కొంత కరిగించుకోవాలి. కోలాటం, డప్పు, ఒగ్గుడోలు ఆడి వచ్చినవాళ్లకు దమ్ము సహజంగానే ఉంటుంది, గీత దిద్దుకోవాలి. తెలంగాణ వచ్చాక ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలల్లో పేరిణికీ చోటు దొరికింది. నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపైన రెండేళ్ల డిప్లొమా. కాగితం చేతికొచ్చినా బృందంలో కొత్తవాడి స్థానం వెనక వరుసే. ప్రదర్శన మొదట్లో వచ్చే మేళప్రాప్తిలో, పుష్పాంజలిలో పక్కవాడి భుజంతో భుజం కలిపి, అతని పాదంతోపాటే పాదం దించడం అక్కడే అలవడుతుంది. పంచముఖ శబ్దాలకు వచ్చేసరికి ఒక్కొక్కరి సత్తా విడిగా తేలిపోతుంది. సద్యోజాతం నుంచి ఈశానం దాకా శివుడి ఐదు ముఖాల భావం మారాలి, నడక మారాలి. అది నిలబెట్టినవాడు ముందు వరుసకు వస్తాడు. నట్టువాంగం పట్టే అర్హత ఇంకా తర్వాతి మాట.

ఇంత సాధన ఉన్న విద్యను పది రోజుల వర్క్‌షాప్‌లో అమ్మేస్తున్నారు. కాషాయం పంచె కట్టి, నాలుగు రుద్రాక్షలు మెడలో వేసి, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి, నోట్లోంచి మంట ఊది, దానికి పేరిణి అని బోర్డు పెడుతున్నారు. సినిమా బీటు మీద రికార్డు చేసిన గజ్జెల చప్పుడు స్పీకర్లో మోగుతుంటే, కాళ్లకున్న గజ్జెలు అలంకారంగా వేలాడుతున్నాయి. ఇది దొంగతనం. జాయప పేరునూ రామకృష్ణ కష్టాన్నీ వాడుకుని కడుపు నింపుకోవడం. పెళ్లి ఊరేగింపులవాళ్లు అడిగారని సమర్థించుకునే నిర్వాహకులు, అసలైన బృందాన్ని తక్కువ డబ్బుకు బేరమాడి ఆ నకిలీకి చప్పట్లు కొట్టించేవాళ్లు ఇందులో సగం దోషులు.

కలపడమే తప్పని ఎవరూ అనరు. పేరిణి ఇప్పటి రూపమే శాస్త్రాన్నీ శిల్పాన్నీ ఒక నాట్యాచార్యుడి ఊహనూ కలిపి కట్టినది. అమెరికాలో కరోలీనా నెరిచియో 1987లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలుపెట్టిన ఫ్యాట్‌చాన్స్ బెల్లీడాన్స్ బృందం ఎన్నో దేశాల నడకలను కలిపింది. కానీ అక్కడ కూడా రంగం మీదికి రావాలంటే ఆ బృందపు కదలికలన్నీ ఒంటికి పట్టి ఉండాలి, ముందున్న నర్తకి ఇచ్చే చిన్న సైగను అందుకుని మిగతావాళ్లు ఆ క్షణంలోనే కదలాలి. అది సాధన లేకుండా వచ్చేది కాదు. ఒగ్గుడోలు దరువు మీద విషమం ఆడదలచినవాళ్లు ఆడవచ్చు, ముందు ఘర్ఘరం చేతికి రావాలి.

చెరువుగట్టు జాతరకు, పానగల్లు ఛాయా సోమేశ్వరాలయ శివరాత్రికి, ఆలంపురం ఉత్సవాలకు బృందాలను పిలిచేవాళ్లు రెండు షరతులు పెడితే చాలు: మృదంగం, నట్టువాంగం ఎదురుగా ఉండాలి, గజ్జె శబ్దం స్పీకర్లోంచి రాకూడదు. వాద్యకారులకు నర్తకులతో సమానంగా పారితోషికం ఇవ్వాలి. పిల్లలమర్రి, పానగల్లు గుళ్ల ప్రాంగణాల్లో కళాశాల విద్యార్థులకు వారానికో సాధన తరగతి పెట్టడానికి ఖర్చేమీ కాదు, అనుమతి ఒక్కటే కావాలి. ఆ అనుమతి దేవాదాయ, పురావస్తు శాఖలు ఈ ఏడే ఇవ్వాలి.