నడుము నిలబెట్టే పేస్

బెంగళూరు శివారులోని దేవనహళ్ళి అంటే ఒకప్పుడు టిప్పు సుల్తాన్ పుట్టిన ఊరు, చక్కోత పండ్లు. 2008 నుంచి విమానాశ్రయం. ఫాస్ట్ బౌలర్లకు మాత్రం ఇప్పుడా దారి నడుము నొప్పితో చికిత్సకు వెళ్ళే దారి. చిన్నస్వామి స్టేడియంలో 2000లో మొదలైన జాతీయ క్రికెట్ అకాడమీ, 2024 సెప్టెంబర్ చివర్లో ఇక్కడి 40 ఎకరాల ఆవరణకు మారింది. 2021 డిసెంబర్‌లో అకాడమీ పగ్గాలు అందుకున్నది మన హైదరాబాదీ వి.వి.ఎస్. లక్ష్మణే.

మూడు మైదానాలు, ఆరుబయట 45 ప్రాక్టీసు పిచ్‌లు. వాటికి వాడిన మట్టిలోనే సగం పాఠం ఉంది: ముంబై ఎర్రమట్టి, మండ్య మట్టి, ఒడిశా కలహండి నల్లరేగడి. ఎర్రమట్టి మీద బంతి లేస్తుంది, నల్లరేగడి మీద కిందికే ఉంటుంది. రంజీ ఆడే కుర్రాడికి వారానికో ఊరు, ఊరికో మట్టి. లెంగ్త్ ఎక్కడ వెయ్యాలో ప్రతిచోటా కొత్తగా వెతుక్కోవాల్సిందే.

పేస్ చేతిలోంచి పుడుతుందనుకుంటాం గానీ, నిజానికది ముందుకాలి దగ్గర మొదలవుతుంది. పరుగెత్తి వచ్చిన వేగమంతా ఆ కాలు నేలను తన్నగానే ఆగాలి. మోకాలు వంగకుండా నిలిస్తే ఆ ఊపు తుంటికి, మొండేనికి, భుజానికి ఎక్కి వేళ్ళలోంచి బయటపడుతుంది. మోకాలు కుంగితే వేగం అక్కడే కారిపోతుంది. ఆ క్షణంలో కాలి మీద పడే భారం ఒంటి బరువుకు ఎన్నో రెట్లు. భుజాలు ఒకవైపు, తుంటి మరోవైపు తిరిగే యాక్షన్ అయితే ఆ భారమంతా నడుము కింది వెన్నుపూసల మీద పడి, సన్నని పగులుగా మారుతుంది. బుమ్రా అంతటివాడే 2023లో వెన్నుకు ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చింది.

ఇలాగే వేగంగా విసిరే బేస్‌బాల్ పిచర్ బాధ వేరు. క్రికెట్‌లో మోచేయి 15 డిగ్రీలకు మించి సాగకూడదు. పిచర్ మోచేయి వంచి విసురుతాడు కాబట్టి తరచుగా తెగేది మోచేతి లిగమెంటే. 1974లో టామీ జాన్ అనే పిచర్‌కు దాన్ని బాగుచేసిన శస్త్రచికిత్స నేటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది. జావెలిన్ విసిరే మన కుర్రాళ్ళు రింకూ సింగ్, దినేశ్ పటేల్ పిచర్లను వెతికే ఒక టీవీ పోటీలో మెరిసి, 2008లో బేస్‌బాల్ జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. ఇద్దరూ కింది లీగ్‌లు దాటలేదు. రింకూ చివరికి కుస్తీ వినోదంలోకి వెళ్ళిపోయాడు. వాళ్ళ కథను హాలీవుడ్ 2014లో సినిమాగా తీసింది. ఆ తర్వాతి గాయాల సంవత్సరాలు తెర మీదికి రాలేదు, రావు కూడా.

మన క్రికెట్‌లో కింది మెట్టు నుంచి భారత జట్టు దాకా ఎక్కినవాడు సిరాజ్. ఆటో డ్రైవర్ కొడుకు, టెన్నిస్ బంతితో పెరిగినవాడు. 2015లో రంజీలో అడుగుపెట్టి, 2016–17 సీజన్‌లో హైదరాబాద్‌కు 41 వికెట్లు తీశాడు. అతని ఆయుధం వాబుల్ సీమ్. సీమ్‌ను నిటారుగా నిలపకుండా, వేళ్ళు కాస్త ఎడంగా పెట్టి కొద్దిగా ఊగేలా వదులుతాడు. నేల తాకాక బంతి ఎటు కదులుతుందో ఒక్కోసారి బౌలర్‌కే తెలియదు, బ్యాటర్‌కేం తెలుస్తుంది! 2025 ఇంగ్లండ్ సిరీస్‌లో అయిదు టెస్టులూ ఆడి 185.3 ఓవర్లు వేశాడు, 23 వికెట్లు తీశాడు. వికెట్ల కంటే ఆ ఓవర్ల లెక్కే గొప్పది. అన్ని ఓవర్లు వేసి విరగకుండా నిలబడడం కూడా నైపుణ్యమే, దానికి స్కోరుకార్డులో గడి లేదంతే.

సిరాజ్ కథ ముద్దుగా ఉంటుంది కాబట్టి పదేపదే చెప్పుకుంటాం. కానీ ఆంధ్ర తరఫున చీపురుపల్లి స్టీఫెన్, కె.వి. శశికాంత్, హైదరాబాద్ తరఫున చామ మిలింద్ ఏళ్ళ తరబడి కొత్త బంతి పట్టినవాళ్ళు. వాళ్ళకు భారత జట్టు టోపీ అందలేదు. బోర్డు 2024 ఫిబ్రవరిలో ఫాస్ట్ బౌలర్ల కోసం ప్రత్యేక ఒప్పందాలు తెచ్చింది. మంచి ఆలోచనే. అయిదుగురికే ఇచ్చింది: ఆకాశ్ దీప్, వైశాఖ్, ఉమ్రాన్ మాలిక్, యశ్ దయాళ్, విద్వత్ కావేరప్ప. రంజీలో ఆడే జట్లు మాత్రం 38.

మిగతావాళ్ళది రోజువారీ ఫీజు. 2021లో సవరించిన లెక్క ప్రకారం 40 మ్యాచ్‌లు దాటిన ఆటగాడు తుది జట్టులో ఉంటే రోజుకు 60 వేలు, 20 మ్యాచ్‌ల లోపు వాడికి 40 వేలు. ఆడితేనే అది. వెన్నులో పగులు పడ్డ బౌలర్‌కు సీజన్ సగం పోతుంది, ఫీజు కూడా దాంతోపాటే పోతుంది. అందుకే రాష్ట్ర జట్లలోని పేసర్లు నొప్పిని ఫిజియోకు చెప్పే ముందు క్యాలెండర్ చూస్తారు.