ఘోడీకి పని లేని నెల

బిలాస్‌పూర్‌లో మంచు కురవదు. మంచు చూడాలంటే కట్నీ లైను బండెక్కాలి. ఖోంగ్‌సరా దాటాక ఘాట్ మొదలవుతుంది, భన్వర్‌టోంక్ సొరంగం వస్తుంది, ఆపైన పెండ్రా రోడ్. చలి ముదిరిన ఏడు, డిసెంబరు చివర్లో తెల్లవారుజామున అక్కడ దిగితే గడ్డి మీద మంచు తెల్లగా గడ్డకట్టి ఉంటుంది. ఇక్కడి రైతులు దాన్ని పాలా అంటారు. అమర్‌కంటక్‌లోనూ మైన్‌పాట్‌లోనూ గడ్డివాముల మీద గట్టిపడ్డ మంచు ఫొటోలు ఏటా పేపర్లో చూస్తూనే ఉంటాం. అంత కాకపోయినా ఆ చలి మనకీ దిగుతుంది. రాత్రి పది డిగ్రీల కిందికి పోతే చాలు, కూడళ్లలో మంటలు వేస్తారు. రైల్వే కాలనీలో వీధికుక్కలకి పిల్లలు గోనెపట్టాలు పరుస్తారు. గుర్రాల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. పెళ్లి ఉంటే తప్ప ఈ ఊళ్లో గుర్రం ఉందన్న సంగతే ఎవరికీ గుర్తు రాదు.

టాంగాలు ఎప్పుడో తగ్గిపోయాయి. మిగిలినవి బారాత్ గుర్రాలు, అంటే పెళ్లికొడుకు ఎక్కే తెల్లటి ఆడగుర్రాలు. అందరూ ఘోడీ అంటారు, మన తెలుగువాళ్లూ అదే అంటారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు మావి. ఇంటిపేరు ఏదైనా ఈ ఊరికి మేమంతా ‘రావ్’లమే. ముహూర్తం మన పంతులుగారు పెట్టిన అర్ధరాత్రే, మంగళసూత్రం మనదే, కానీ సాయంత్రం ధుమాల్ బ్యాండుతో ఘోడీ మీద ఊరేగింపు లేకపోతే మా కుర్రాళ్లకి పెళ్లయినట్టే ఉండదు.

మా తాత విజయనగరంలో జట్కా తోలేవాడు. తరవాత ఇక్కడికొచ్చి స్టీమ్ ఇంజన్ మీద ఫైర్‌మన్ అయ్యాడు. ఆయన గుర్రాన్ని నేను చూడలేదు గానీ ఆ మాటలు వింటూ పెరిగాను. రిటైరయ్యాక నా సాయంకాలాలు కాలనీ వెనక ఘోడీలు పెంచే చాచా దగ్గర గడుస్తున్నాయి. మొదట్లో ఊరికే కూర్చునేవాణ్ని. ఇప్పుడు బ్రష్షు పట్టనిస్తున్నాడు.

చలి గురించి ఆ కొట్టంలో నాకు తెలిసిందేమిటంటే, గుర్రాన్ని చంపేది చలి కాదు, పంచాంగం. నవంబరులో దేవ్ ఉఠనీ ఏకాదశితో లగ్నాలు మొదలవుతాయి. డిసెంబరు సగంలో సూర్యుడు ధనూరాశిలోకి వెళ్లగానే ఆగిపోతాయి. మనకి ధనుర్మాసం, వీళ్లకి ఖర్మాస్. మళ్లీ సంక్రాంతి దాటాకే పెళ్లిళ్లు. ఆ నెల రోజులూ ఘోడీకి పని లేదు, చాచాకి రాబడి లేదు. చలి ముదిరేదీ సరిగ్గా ఆ నెలలోనే. పని లేని గుర్రానికి మేత ఎందుకని ఎవరైనా అనుకుంటారు. తగ్గించేస్తారు. ఏడాది మొత్తంలో ఎక్కువ తినాల్సిన నెలలో తక్కువ పెడతారు.

ఎక్కువ ఎందుకు తినాలో చెప్పాలంటే గుర్రం కడుపులోకి వెళ్లాలి. గుర్రం నెమరు వేయదు. గడ్డిలోని పీచు దాని వెనక పేగుల్లో, ముఖ్యంగా పెద్ద సంచిలాంటి అంధనాళంలో, సూక్ష్మజీవుల చేతిలో పులుస్తుంది. ఆ పులియడంలో వేడి పుడుతుంది. గంటల తరబడి పుడుతూనే ఉంటుంది. మా తాత చెప్పే ఇంజన్ కబుర్లు నాకు గుర్తొచ్చేది ఇక్కడే. షెడ్డులో రాత్రి నిలిపిన ఇంజన్‌లో మంట ఆర్పేవారు కాదట, తెల్లారేసరికి ఆవిరి సిద్ధంగా ఉండాలని ఫైర్‌బాక్స్‌లో బొగ్గు సర్దిపెట్టి కనిపెట్టుకుని ఉండేవారట. గుర్రానికి రాత్రి వేసే ఎండుమేత అలాంటిదే. దాణా వేరు. ఉలవలు ఉడకబెట్టి పెడితే ఒంటికి వేడి అని మనవాళ్ల నమ్మకం, చాచాకీ శనగల మీద అంతే నమ్మకం. బలం వస్తుంది, కాదనను. కానీ దాణా చాలావరకు చిన్నపేగుల్లోనే జీర్ణమైపోతుంది. రాత్రి రెండు గంటల చలిలో లోపల వేడి పుట్టించేది శనగ కాదు, గడ్డి.

కొలత కూడా చెప్పుకుందాం. గుర్రం రోజుకి తన బరువులో ఒకటిన్నర నుంచి 2 శాతం దాకా ఎండుమేత తినాలి. 300 కిలోల ఘోడీకి ఆ లెక్కన నాలుగున్నర నుంచి 6 కిలోలు. చలికి తట్టుకునే హద్దు దాటాక ఒక్కో డిగ్రీ తగ్గినకొద్దీ తిండి అవసరం దాదాపు 2 శాతం పెరుగుతుందని పశువైద్యుల లెక్క. ఆ హద్దు అన్ని గుర్రాలకీ ఒకటి కాదు. ఒళ్లు పొడిగా ఉండి, చలికాలపు బొచ్చు బాగా పట్టి, కండ ఉన్న గుర్రం సున్నాకి దిగువన కూడా కొన్ని డిగ్రీల దాకా నిశ్చింతగా నిలబడుతుంది. బొచ్చు పలచనైనా, ఒళ్లు తడిసినా సున్నాకి చాలా పైనే వణుకు మొదలవుతుంది. మా ఊరి చలికి గుర్రాలు ఇబ్బంది పడుతున్నాయంటే చలి ఎక్కువై కాదు, అవి చిక్కిపోయో తడిసిపోయో ఉండటం వల్ల.

మేతలోనూ ఓ చిక్కుంది. నవంబరులో వరి కోతలయ్యాక ఛత్తీస్‌గఢ్ అంతా పైరానే, అంటే వరిగడ్డి. చవక. ఆవులకి సరే. గుర్రానికి అది నాసిరకం, ముతక, పోషణ తక్కువ, నీళ్లు సరిగా తాగకపోతే పేగులో అడ్డం పడుతుంది. గోధుమ భూసా, దొరికితే బర్సీమ్ పచ్చిగడ్డి కావాలి. రెండూ కొనాల్సినవే. చాచా వరిగడ్డిని పక్కకి వాడతాడు, అదీ మందంగా. నిలబడే నేల పొడిగా ఉంటే సగం చలి తప్పినట్టే. అవిసె గింజలు ఇక్కడ పండుతాయి, అల్సీ అంటారు. వాటిని ఉడికించి గుప్పెడు కలుపుతాడు. బెల్లం ముక్క గుర్రానికి ఇష్టమని పెడతాడు, మందని కాదు. చలికి రమ్ము పట్టించాలని సలహా ఇచ్చేవాళ్లు కూడా వస్తుంటారు. వాళ్లని చాచా కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపేస్తాడు.

చలిలో నీళ్లు తాగించడమే అన్నిటికన్నా కష్టం. ఎండాకాలం బకెట్ల మీద బకెట్లు తాగే జంతువు జనవరి పొద్దున్న మూతి ముంచి తీసేస్తుంది. గుర్రానికి రోజుకి పాతిక ముప్ఫయి లీటర్లు పడాలి. ఎండుమేత ఎక్కువై నీళ్లు తక్కువైతే వచ్చేది పోటు, కడుపునొప్పి. గుర్రం కిందపడి దొర్లుతుంది, తన పక్కని తానే చూసుకుంటుంది, లద్దె ఆగిపోతుంది. డాక్టరు వచ్చేలోపు అయిపోయిన కేసులూ ఉన్నాయి. అందుకే పొద్దున్న పొయ్యి మీద నీళ్లు కాచి బకెట్లో కలిపి చెయ్యి పెట్టి చూసుకుని ఇస్తాడు. భూసాలో చిటికెడు ఉప్పు వేస్తాడు. ‘ముందు లద్దె చూడు రావ్ సాబ్, తరవాత మొహం చూడు’ అన్నాడు ఒకసారి. ఇప్పుడు నేను వెళ్లగానే చూసేది అదే.

ఇక తడి. ఇది పూర్తిగా మన పెళ్లిళ్ల పాపం. మధ్యాహ్నం ఘోడీ మిలమిల్లాడాలని ఒళ్లంతా షాంపూతో కడుగుతారు. సాయంత్రం వీపు మీద జరీ జూలు, ముత్యాల ముఖపట్టా, మీద పెళ్లికొడుకు, ఒళ్లో తోడుపెళ్లికొడుకు, చుట్టూ లైట్లు, చెవుల దగ్గర ధుమాల్. ఆ గొడవకీ భయానికీ జూలు కింద చెమట కారుతుంది. పదకొండింటికి దింపేసి పంపిస్తారు. చెమట ఒంటితో చలిగాలిలో మైళ్లు నడిచి రావాలి. ఫిబ్రవరి లగ్నాల్లో కూడా ఆ గంటే ప్రమాదం. చాచా ఆ రాత్రి వెంటనే కంబళి కప్పడు. ముందు ఎండుగడ్డిని చుట్టగా మడిచి ఒళ్లంతా గట్టిగా రుద్దుతాడు. తరవాత వీపు మీద వదులుగా గడ్డి పరిచి దాని మీద గోనెపట్టా వేసి కడతాడు. గడ్డి సందుల్లోంచి ఆవిరి పైకి పోతుంది, చెమ్మ పట్టాకి ఎక్కుతుంది, ఒళ్లు ఆరుతుంది. ఆరాక తడి పట్టా తీసేసి పొడిది కప్పుతాడు. ఈ పద్ధతి ఇంగ్లండులో పాతకాలపు గుర్రపుశాలల వాళ్లకీ ఉందని చదివితే నాకు ఆశ్చర్యం అనిపించలేదు. గడ్డీ గోనెపట్టా ఉన్నచోట చెయ్యి దానంతటదే అటు పోతుంది.

కప్పడం మీద నాకో అభిప్రాయం ఉంది. చలి అనగానే మనకి దుప్పటి గుర్తొస్తుంది, గుర్రానికీ దుప్పటి వేస్తే పుణ్యం అనుకుంటాం. చలికి గుర్రం బొచ్చు నిక్కబొడుచుకుంటుంది, వెంట్రుకల మధ్య గాలి నిలబడుతుంది, ఆ గాలే దాని దుప్పటి. పలచటి కంబళి వేస్తే బొచ్చు అణిగి ఉన్నదీ పోతుంది. తడిసిన కంబళి మరీ అన్యాయం. ముసలిదానికీ, జబ్బుదానికీ, చిక్కినదానికీ మాత్రం మందంగా కప్పాలి. ఇంకోమాట, ఆ బొచ్చు పెరిగేది చలిని బట్టి కాదు, పగటి వెలుతురు తగ్గడాన్ని బట్టి. రాత్రంతా బల్బు వెలిగే కొట్టాల్లో గుర్రాలకి చలికాలపు బొచ్చు సరిగా పట్టదు. దొంగల భయానికి చాచా వెలిగించే బల్బు మీద మా ఇద్దరికీ ఇంకా రాజీ కుదరలేదు.

కొట్టం సంగతిలో మాత్రం మనుషులు తమ చలినే గుర్రానికి అంటగడతారు. నాలుగువైపులా పాలిథిన్ కట్టి లోపల బొగ్గు సిగ్డీ పెడతారు. రైల్వే ఊళ్లో బొగ్గుకి కరువా! తెల్లారేసరికి లోపల మూత్రం ఘాటు, పొగ, భూసా ధూళి. గుర్రం ఊపిరితిత్తులకి చలి కంటే అవే ఎక్కువ చేటు, మూసిన గదిలో సిగ్డీ అయితే ప్రాణానికే. కావలసింది గాలి కొట్టే వైపు ఒక గోడ. పైన తెరిచి ఉండాలి.

ఆ ఒక్క గోడని దక్షిణ ధ్రువం దారిలో కూడా కట్టారు. ఆ ధ్రువాన్ని చేరాలని 1910లో బయల్దేరిన స్కాట్ బృందం మంచూరియా పొట్టిగుర్రాలు 19 తీసుకెళ్లింది. వాటిని చూసుకున్న కెప్టెన్ లారెన్స్ ఓట్స్ అప్పటిదాకా మన మధ్యభారతంలోని మౌ కంటోన్మెంట్‌లో ఉన్న అశ్వికదళం మనిషి. గుర్రాలు ముసలివనీ, పనికిరావనీ చూడగానే తేల్చేశాడు. మేత చాలదని సొంత డబ్బుతో అదనంగా కొని ఓడెక్కించాడు. దారిలో మజిలీ వేసిన ప్రతిచోటా గుర్రాలకి గాలివైపు మంచు దిమ్మలతో గోడ కట్టేవారు. పగటి ఎండలో అవి విశ్రాంతి తీసుకునేలా రాత్రిళ్లు నడిచేవారు. అయినా లాభం లేకపోయింది. గుర్రానికి ఒళ్లంతా చెమట పడుతుంది, ఆ చెమట బొచ్చు మీదే గడ్డకట్టేది. గుర్రాలు చలికి ఆగలేవని స్కాట్ 1911 నవంబరు 1 దాకా బయల్దేరలేదు. పోటీగా కుక్కలతో వెళ్లిన అముండ్‌సెన్ అప్పటికే దారిలో ఉన్నాడు. చివరి గుర్రాలని 1911 డిసెంబరు 9న కాల్చేశారు. ఓట్స్ తప్పేమీ లేదు. గోడ, మేత, పొడి ఒళ్లు, ఈ మూడింటి సంగతీ అతనికి తెలుసు. తెలియకుండా గుర్రాలు కొన్నది వేరేవాళ్లు.

మనకి చలి విద్య తాతలనాటిది కాదు, ఒప్పుకోవాలి. తెలుగు రాజుల గుర్రాలు సముద్రం మీద వేడి దేశాల నుంచి వచ్చినవి. విజయనగర సామ్రాజ్యపు రాజు ఏటా ఓర్ముజ్ గుర్రాలూ దేశవాళీవీ కలిపి 13,000 కొనేవాడని పోర్చుగీసు నూనిజ్ రాశాడు. తెలుగులో గుర్రాల మీదే మనుమంచి భట్టు హయలక్షణ విలాసం అనే కావ్యం చెప్పాడు. సుడులు, రంగులు, శుభాశుభాలు అందులో వెతికితే దొరుకుతాయి. పెండ్రా చలికి పక్కెముకలు ఎలా తడిమి చూడాలో మాత్రం చాచానే చెప్పాలి.

ఆ తడమడం కంటితో అయ్యేది కాదు. చలికాలం బొచ్చు కింద గుర్రం ఎంత చిక్కినా గుండ్రంగానే కనిపిస్తుంది. అరచెయ్యి పక్కల మీద ఆనించి కదపాలి. ఎముకలు చేతికి తగలాలి, కంటికి కనిపించకూడదు. అమెరికాలో హెన్నెకె అనే ఆయన 1983లో దీన్నే 1 నుంచి 9 దాకా అంకెల్లో పెట్టాడు, 5 మధ్యస్థం. చాచా దగ్గర అంకెల్లేవు. నా చెయ్యి పట్టుకుని ఒక ఘోడీ మీద పెట్టి ‘ఇది దీపావళి నాటిది’ అన్నాడు, పక్కదాని మీద పెట్టి ‘ఇది హోలీ దాకా ఆగదు’ అన్నాడు. ఆ రెండోదానికి ఆ రోజు నుంచి రాత్రి భూసా పెంచాడు. డబ్బు ఎక్కడిదని అడగలేదు. అప్పేనని తెలుసు.

అందుకే ఈ వారం ఒక మాట అడుగుతున్నాను. ఫిబ్రవరిలో, మార్చిలో ఇంట్లో పెళ్లి పెట్టుకున్నవాళ్లు ఘోడీ బయానా పెళ్లికి ముందురోజు కాకుండా ఇప్పుడే, ఈ ధనుర్మాసంలోనే ఇచ్చేయండి. బ్యాండుకీ, కేటరింగుకీ మూడు నెలల ముందే ఇస్తున్నారుగా. ఘోడీని ఆ రోజు కడగొద్దని, పొడి బ్రష్షు చాలని కూడా చెప్పండి. ఫొటోలో తేడా తెలియదు. దించేశాక పావుగంట నడిపించే తీరిక ఇవ్వండి, తీసుకొచ్చినవాడికి అన్నం పెట్టి పంపండి. ఈ బయానా సంగతి చాచాకి చెబితే నవ్వాడు. ‘ఇస్తే మంచిదే రావ్ సాబ్. అంతా భూసాకే పోతుందని మాత్రం రాయకండి, మనవరాలి స్కూలు ఫీజు కూడా జనవరిలోనే కట్టాలి.’